బాలిలో బస: అనుభవజ్ఞుల మాట వినకూడని సందర్భాలు

బాలి వెళ్లి అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకుందాం అనుకునేవాళ్లు చేసే మొదటి పొరపాటు పని గురించి ఆలోచించడం. ఇల్లు వెతికేటప్పుడే బల్ల ఎంత ఎత్తు, కుర్చీలో వీపు ఆనుతుందా, ఇంటర్నెట్ ఎలా వస్తుంది, పక్కన కోళ్లున్నాయా అని ఆరాలు తీస్తారు. ఇవి కొండాపూర్‌లో పీజీ చూసుకునేటప్పుడు అడగాల్సిన మాటలు. సముద్రాలు దాటి వెళ్లేది కుర్చీ కోసమా? ఇంటిని ఫొటో చూసే ఎంచుకోవాలి. స్టేటస్‌లో పెట్టిన పది నిమిషాల్లో మేనత్త కొడుకు “ఎక్కడ బావా ఇది?” అని మెసేజ్ పెట్టాలి. పెట్టలేదంటే ఆ ఇల్లు ఎంత చవకైనా మనకు అక్కర్లేదు.

ఫొటోకు నప్పేది గోడల్లేని ఇల్లు. అక్కడి విల్లాల్లో హాలుకు పైకప్పు ఉంటుంది, ఈతకొలను వైపు గోడ ఉండదు. ఏసీ పడగ్గదిలోనే. మధ్యాహ్నం మీకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి చెమటలు పడతాయి గానీ, చెమట ఫొటోలో పడదు. గాలి దానంతటదే వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా గాలితోపాటు వానా లోపలికే వస్తుంది. సాయంత్రం దోమలు, రాత్రి కప్పు మీద నుంచి తన పేరు తనే పిలుచుకునే తొకే బల్లి. మైక్ ఆపుకోవడం మర్చిపోతే దాని అభిప్రాయం కూడా మీటింగులో నమోదవుతుంది. దోమతెర ఉందా అని మాత్రం అడక్కండి. ఉంటుంది. తెల్లగా, మంచం చుట్టూ ముడివేసి, ఫొటో కోసమే. డెంగీ దోమ కుట్టేది పగలు, మీరు తెర బయట కూర్చున్నప్పుడు.

ఏ ఊళ్లో ఉండాలన్నది పెద్ద ప్రశ్నేమీ కాదు. అందరూ ఎక్కడుంటే అక్కడే. అంటే చంగు. ఒకప్పుడు అన్నీ వరిపొలాలు, ఇప్పుడు అన్నీ కాఫీ షాపులు. ఇక్కడ తప్పకుండా ‘పొలం కనబడే గది’ తీసుకోండి. ఆ ఫొటో ఏ సంవత్సరం తీశారని యజమానిని ఇరుకున పెట్టకండి. మీరు దిగేసరికి పొలంలో ఇనుప చువ్వలు మొలిచి ఉంటాయి. పొద్దున్నే టైల్స్ కోసే మిషన్ మోగుతుంది, అలారం ఖర్చు తప్పుతుంది. కట్టేది కూడా పొలం కనబడే గదులే కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. రెండు మూడు రాత్రులు మామూలు గెస్ట్‌హౌస్‌లో దిగి, వీధి చూసుకుని, పగలోసారి రాత్రోసారి ఆ ఇంటి ముందు నిలబడి, ఆ తర్వాతే నెల అద్దె మాట్లాడుకోవాలని కొందరు చెబుతారు. అలా చేస్తే ఆ ఇల్లు తీసుకోబుద్ధి కాదు. అందుకే చెయ్యకూడదు.

సనూర్ జోలికి అసలు పోవద్దు. తూర్పు తీరం, సముద్రం వెంబడి నడిచే దారి, కెరటాలను బయటే ఆపే పగడపు దిబ్బ, పిల్లాపాపలతో ఉండే సంసారులు. రాత్రి పదింటికి వీధంతా పడుకుంటుంది. అక్కడ దిగితే పని అయిపోతుంది. పని అయిపోయాక ఏం చేస్తారు?

అడవి కావాలంటే ఉబుద్, కొండ అంచు కావాలంటే దక్షిణాన ఉలువాటు. ఉలువాటు గుడి దగ్గరి కోతులు కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుని, పండో మరొకటో చేతిలో పెడితేగాని తిరిగివ్వవు. వయసొచ్చిన కోతులు ఏ వస్తువు ఖరీదైందో గుర్తుపట్టి, దానికి తగ్గ బేరం ఆడతాయని పరిశోధకులే రాశారు. ఆఫీసు ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వెళ్లండి. మీ దగ్గరున్న వస్తువుకు సరైన విలువ కట్టేవాళ్లు అక్కడే ఉన్నారు. ఉత్తరాన లొవీనా కూడా మంచిదే. విమానాశ్రయం దీవి దక్షిణ కొసన ఉంటుంది, లొవీనా కొండలు దాటి ఆ కొసన. కారులో మూడు గంటల దాకా పడుతుంది. పొద్దుటి విమానం బుక్ చేసుకోండి.

ఇక వేళలు. హైదరాబాద్ కంటే బాలి రెండున్నర గంటలు ముందు. మన ఆఫీసు పదింటికి మొదలైతే అక్కడ పన్నెండున్నర, ఉదయమంతా సముద్రం మీదే. ఈ లెక్క ఇక్కడితో ఆపేయండి. ఇంకాస్త ముందుకు వేస్తే, హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే అమెరికా కాల్ బాలిలో రాత్రి తొమ్మిదికి పడుతుందనీ, పదిన్నరకు ముగిసేది ఒంటిగంటకు ముగుస్తుందనీ తేలుతుంది. దీనికి విరుగుడు బీచ్ క్లబ్ పక్కనే గది. మీ గొంతులో నిద్ర ఉన్నా నేపథ్యంలో ఉత్సాహం ఉంటుంది. ఒంటిగంటకు పడుకున్నాక నాలుగింటికి కోళ్లు లేపుతాయి. అక్కడి ఇళ్ల ముందు వెదురు బుట్టల కింద పుంజులు కనబడతాయి. భీమవరం చుట్టుపక్కల వాళ్లకు వాటిని చూడగానే ప్రాణం లేచొస్తుంది. కాలికి కత్తి కట్టే సంగతి దగ్గర్నుంచి పుంజు రంగుల చర్చ దాకా పక్కింటాయనతో గంటలు గడపొచ్చు. బాధంతా నెల్లూరు వాళ్లకూ కరీంనగర్ వాళ్లకూనే.

ఇంటర్నెట్ గురించి యజమానిని “ఫాస్టేనా?” అని అడగండి. “ఫాస్ట్” అంటాడు. చర్చ ముగిసింది. మీరు కూర్చోబోయే చోట, మీరు పనిచేసే వేళలో స్పీడ్ టెస్ట్ చేసి ఫొటో పంపమనడం మర్యాద కాదు. రౌటర్ ఎవరి ఇంట్లో ఉంది, ఒకే లైను ఎన్ని గదులకు పంచారు, అప్‌లోడ్ ఎంత అని గుచ్చి అడిగేవాళ్లు స్నేహితుల్ని పోగొట్టుకుంటారు. వేరే కంపెనీ సిమ్ కార్డు దగ్గరుంచుకోమనే పిరికివాళ్ల మాట కూడా పట్టించుకోకండి.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఫొటో తీయడం కుదరదు. అక్కడ చాలా ఇళ్లకు ప్రీపెయిడ్ మీటర్లు. డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటరు మీద నొక్కాలి. నిల్వ తగ్గగానే మీటరు కీచుకీచుమంటుంది. గోడ బయట ఏదో పిట్ట అనుకుని వదిలేయండి. ప్రకృతిని ఆస్వాదించడానికే కదా వచ్చాం. పిట్ట ఆగిపోయిన మరుక్షణం దీపాలూ ఆగిపోతాయి. అప్పుడు ఫోన్ వెలుగులో 20 అంకెలు కొట్టండి, తప్పితే మళ్లీ కొట్టండి, అవతల క్లయింటు “యువర్ స్క్రీన్ ఈజ్ ఫ్రోజెన్” అంటూనే ఉంటాడు. చిన్న గదులకు 1300, కాస్త పెద్దవాటికి 2200 వోల్ట్ ఆంపియర్ల కనెక్షన్ మామూలు. ఏసీ, గీజరు, మీరు సూట్‌కేసులో మోసుకెళ్లిన రైస్ కుక్కర్ ఒకేసారి పెట్టి చూడండి. ఇంటి సామర్థ్యం ఎంతో ఎవరినీ అడక్కుండానే తెలుస్తుంది. మీటరు నిండుగా ఉన్నా 2025 మే 2న దీవి దీవంతా చీకటైంది. ఇలాంటివి జరుగుతాయి కదా అని జనరేటర్ ఉన్న కో-వర్కింగ్ స్థలానికి దగ్గరలో ఇల్లు చూసుకోవడం మరీ అతి.

తిండి విషయంలో భయమే లేదు. అన్నం తింటారు, కారం తింటారు. వేడివేడి అన్నంలో అక్కడి సంబల్ కలుపుకుని మన రోటి పచ్చడే అనుకోండి. శాకాహారులు అందులో రొయ్యల ముద్ద పడుతుందా అని అడగడం ఎందుకు, మనసు పాడుచేసుకోవడం ఎందుకు?

బయల్దేరే తేదీకి పంచాంగం చూడండి. బాలి హిందువులదీ శక సంవత్సరమే. వాళ్ల కొత్త సంవత్సరం న్యెపి మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది, 2026లో రెండూ మార్చి 19నే. ముందురోజు సాయంత్రం ఒగొహ్-ఒగొహ్ అనే భూతాల బొమ్మలను భుజాలకెత్తుకుని డప్పులతో ఊరేగిస్తారు. ఆ సందడి చూసి మర్నాడు పండగ ఇంకెంత ఘనంగా ఉంటుందో అనుకుని, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆ రోజుకే పెట్టుకోండి. మర్నాడు ఉదయం ఆరు నుంచి ఆ పైరోజు ఆరు దాకా దీవిలో చప్పుడుండదు. దీపం వెలిగించరు, వాహనం తిరగదు, విమానాశ్రయం మూసేస్తారు, 2018 నుంచి మొబైల్ డేటా కూడా ఆపేస్తున్నారు. పర్యాటకులకైనా వీధిలోకి అనుమతి లేదు. పెచలాంగ్ అనే ఊరి కాపలాదారులు తిరుగుతూ, బయటికొచ్చినవాళ్లను వెనక్కి పంపుతారు. మీరు వేపపువ్వు కోసం బయల్దేరండి. ఉగాది పచ్చడి అంటే ఏమిటో వాళ్లకు వివరించే అవకాశం ఏడాదికోసారే దొరుకుతుంది.

చివరిగా కాగితాలు. విమానం దిగాక 5 లక్షల రుపియాలు కడితే 30 రోజుల వీసా ఇస్తారు. దాన్ని ఒకసారి, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. అది సెలవులు గడపడానికిచ్చేది. దూరం నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు ఏడాది వీసా వేరే ఉంది, ఏటా 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. ఈ తేడాలు చదువుతూ కూర్చుంటే విమానం తప్పిపోతుంది. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఎందుకొచ్చారని అడిగితే ల్యాప్‌టాప్ తీసి గర్వంగా చూపించండి. ఇక్కడ హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే అమలాపురంలో ఉన్నానని చెప్పండి, వెనక కొబ్బరిచెట్లు ఉండనే ఉన్నాయి. కంపెనీ నెట్‌వర్క్‌లోకి ఏ దేశం నుంచి లాగిన్ అయ్యారో వాళ్లకు తెలుస్తుందనేది మీ సమస్య కాదు, వాళ్లది.

అద్దె మాత్రం ఏడాదిది ఒక్కసారే ముందుగా కట్టేయండి. అక్కడి యజమానులు చాలామంది అడిగేదీ అదే, నెలవారీ కంటే చాలా తగ్గిస్తారు. వీసా రెండు నెలలది, అద్దె పన్నెండు నెలలది అని ఇంట్లోవాళ్లు గొణుగుతారు. ఎప్పుడైనా నెలకు ఎంత పడిందని అడిగితే, పన్నెండుతోనే భాగించి చెప్పండి.