ఒక డబుల్ బ్యారెల్ ఆత్మకథ

నేను పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకిని. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక బ్యాంకు గుమ్మంలో, గార్డు భుజాన వేలాడటం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో దొంగ మొహం చూడలేదు గానీ తుప్పుతో మాత్రం రోజూ పోరే. ఉప్పుగాలి ఒక పక్క, పట్టుకున్న చేతి చెమట ఒక పక్క. నల్లటి గొట్టం మీద పడ్డ వేలిముద్రను తుడవకుండా వదిలేస్తే, కొన్నాళ్లకు సరిగ్గా అదే ఆకారంలో ఎర్రమచ్చ లేస్తుంది.

మునుపటి గార్డుకు నేనంటే ప్రాణం. తలుపు బందులకు కొట్టే స్ప్రే డబ్బా తెచ్చి నా మీద బుస్సున కొట్టాడు. తడి జారిపోయి తళతళలాడాను. ఆ స్ప్రేలలో పేరుమోసిన డబ్ల్యూడీ-40 పుట్టిందే తడిని తరమడానికి. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో నలభయ్యో ప్రయత్నానికి కుదిరింది కాబట్టి ఆ పేరు. అట్లాస్ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా వాడారు దాన్ని. మా డబ్బా వేరే కంపెనీది. ఏదైనా, వాటిలో చాలా భాగం ఆవిరైపోయే ద్రావకమే. అది ఎగిరిపోయాక మిగిలేది పల్చటి పొర.

అతను నెలనెలా కొట్టాడు, ఒక్కసారీ తుడవలేదు. పొర మీద పొర, దాని మీద దుమ్ము. నన్ను మూతి పైకి పెట్టి నిలబెట్టేవాడేమో, మిగిలిన ద్రవమంతా కిందికి కారి లాకులో పేరుకుంది, చెక్క మడమలోకి ఇంకింది. చివరికి నా సేఫ్టీ బెల్లంపాకంలో కూరుకున్నట్టు బిగుసుకుపోయింది.

తరవాత వచ్చినాయన మిలిటరీలో సుబేదారుగా రిటైరయ్యాడు. ముందు నన్ను విరిచి, రెండు గొట్టాలూ ఖాళీయేనని వేలు పెట్టి మరీ చూసుకున్నాడు. బెల్టులోని తూటాల ఇత్తడి అడుగులు కూడా స్ప్రేతో జిడ్డోడుతున్నాయి. క్యాపులోకి నూనె పాకితే తూటా పేలకపోవచ్చు. అందుకని వాటిని విడిగా పెట్టించాడు. లాకు విప్పే పని లైసెన్సున్న మేస్త్రీకి అప్పగించాడు. అక్కడ బయటపడ్డ గోధుమరంగు జిగురు చూసి నాకే భయమేసింది.

తిరిగొచ్చాక పుల్‌త్రూకి చిందీ గుడ్డ కట్టి గొట్టాల్లోంచి లాగాడు. పక్కన నిలబడ్డ కుర్ర గార్డు అడిగాడు:

“సుబేదారు గారూ, స్ప్రే డబ్బా పారేయమంటారా?”

“ఎందుకురా? వానలో తడిసొస్తే పైపైన కొట్టు. వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్. ఆపైన తుపాకి నూనె, పల్చగా. లాకులోకి మాత్రం కొట్టకు.”

ఆ రాత్రి అడుగున పాతగుడ్డ మడిచి వేసి, నన్ను మూతి కిందికి పెట్టి నిలబెట్టాడు. మడమలోని జిడ్డు బొట్టుబొట్టుగా ఆ గుడ్డలోకి దిగడం మొదలైంది.