తల దించుకోవడం కూడా రాదు మీకు

ఒరేయ్ మనవడా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి విను. నీ ఈడు పిల్లలందరికీ కలిపే చెబుతున్నాను. ‘నేననుకున్నది మొహమాటం లేకుండా చెప్పేశాను తాతయ్యా’ అంటావు. ఎక్కడ చెప్పావు? మంచం మీద పడుకుని, బొటనవేలితో. మర్నాడు ఎవరో నాలుగు తిట్లు తిడితే అదే వేలితో తుడిచేశావు. మా రోజుల్లో నమ్మినదాని పక్కన నిలబడాలంటే ముందు వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసి చూసుకోవాల్సి వచ్చేది.

1974 మే నెల, రైల్వే సమ్మె రోజులు. విజయవాడ ఎండలు నీకు చెప్పనక్కర్లేదు. అప్పటి ఎండకైనా ఒక మర్యాద ఉండేది, పొద్దువాలితే కృష్ణ మీంచి గాలి వచ్చేది, రైల్వే కాలనీలో అందరం ఆరుబయట నవ్వారు మంచాలు వేసుకునేవాళ్లం. ఇప్పుడు కిటికీలు మూసుకుని ఏసీలో పడుకుంటారు, పక్కింటివాడు బతికున్నాడో లేడో తెలీదు. సరే, ఎక్కడున్నాను? ఆ, సమ్మె. 8వ తేదీన మొదలైంది. రైల్వే కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అంతకు ముందే పట్టుకెళ్లి లోపల వేశారు. దేశం మొత్తం మీద సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికుల సంగతి అది. అడిగిందేమిటి? ఇంజన్ మీద పనిచేసేవాళ్లకు 8 గంటల డ్యూటీ, అందరికీ బోనస్. నువ్విప్పుడు నడిపేది కరెంటు ఇంజన్. అప్పటి ఫైర్‌మన్ పధ్నాలుగు, పదహారు గంటలు కొలిమి ముందు నిలబడి బొగ్గు వేసేవాడు. ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి సమ్మె నడిపిన మన వి.వి. గిరిగారే అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. అయినా వేల మందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు, చాలాచోట్ల సమ్మెలో ఉన్నవాళ్ల సంసారాలను క్వార్టర్లలోంచి ఖాళీ చేయించారు.

మా పక్క క్వార్టర్‌లో ఒక ఫైర్‌మన్ మామయ్య ఉండేవాడు. సమ్మె మొదలైన రాత్రే ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో అత్తయ్యకే తెలుసు. ఎవరొచ్చి అడిగినా ఆవిడ గుమ్మంలో నిలబడి ‘ఊళ్లో లేరండీ’ అనేది, అంతకు మించి ఒక్క మాట పెదవి దాటేది కాదు. నలుగురు పిల్లలు, జీతం లేదు. మా అమ్మ చీకటి పడ్డాక చెంగు కింద శేరు బియ్యం పట్టుకెళ్లేది. నిలబడ్డది ఆయనైతే ఆ బరువు మోసింది ఆవిడ. ఈ సంగతి మీటింగుల్లో ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పరు. 27వ తేదీన సమ్మె విరమించారు. అడిగిందొక్కటీ రాలేదు. మామయ్య ఉద్యోగం పోయింది.

ఇక నీ సంగతి. మొన్న అపార్ట్‌మెంట్ మీటింగులో పనిమనుషులు లిఫ్ట్ ఎక్కకూడదని తీర్మానం పెట్టారు. ఆ పనిచేసే ముసలిదానికి మోకాళ్లు ఒంగవు, ఐదో అంతస్తు దాకా మెట్లెక్కాలట! ఇది అన్యాయమని లేచి అన్నది నేనొక్కడినే. నువ్వు గోడ చూశావు. ఇంటికొచ్చాక ‘నువ్వన్నది కరెక్టే తాతయ్యా’ అన్నావు. ఇంటికొచ్చాక ఎందుకురా? అక్కడ అని ఉంటే ఏం పోయేది? ఉద్యోగం తీసేవాళ్లా, జైల్లో వేసేవాళ్లా? మహా అయితే వాచ్‌మన్ ముందు ఇద్దరు మొహం తిప్పుకునేవారు. దానికే జడిసిపోయావు.

అప్పుడు నువ్వో ప్రశ్న వేశావు, ముత్తాత సమ్మె చేశాడా అని. అడగాల్సిన ప్రశ్నే. చేశాడు, కొన్నాళ్లు. ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్ల అప్పులుండేవి. ఒక తెల్లవారుజామున అన్నం డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. మా కాలనీలో అలా వెళ్లినవాళ్లు చాలామందే. మా రోజుల్లో అందరూ వీరులేమీ కాదు. వెళ్లినవాళ్లను విశ్వాసపాత్రులన్నారు, ఇంక్రిమెంట్లిచ్చారు. కానీ ఒకటి చెబుతాను విను. ఆ ఇంక్రిమెంట్ సంగతి మా నాన్న ఇంట్లో ఒక్కసారి కూడా నోరెత్తి చెప్పలేదు. మామయ్య ఎదురొస్తే తల దించుకునేవాడు. 1977లో ప్రభుత్వం మారి, తీసేసినవాళ్లను తిరిగి తీసుకున్నప్పుడు మామయ్య మళ్లీ ఇంజన్ షెడ్‌కి వచ్చాడు, నాన్న అప్పుడూ తల దించుకునే పక్కన నడిచాడు. నిలబడలేకపోయినవాడికి నిలబడలేకపోయానన్న ఎరుక ఉండేది. మీరేమో గోడ చూసొచ్చి దానికి ప్రాక్టికల్‌గా ఉండటమని పేరు పెట్టుకుంటారు. భయం మాకూ ఉండేది. దానికి ముద్దుపేర్లు పెట్టుకునే అలవాటు మాత్రం లేదు.

1979లో రైల్వేవాళ్లకు బోనస్ వచ్చింది. సమ్మె చేసినవాడికీ వచ్చింది, చేయనివాడికీ వచ్చింది. ఈమధ్య దసరా ముందర నీకూ 78 రోజుల బోనస్ పడుతోంది, బట్టలు కొంటున్నావు, సంతోషం. అదెక్కడిదిరా అని మొన్న అడిగితే, ‘ఏటా వస్తుందిగా తాతయ్యా’ అన్నావు.