చూద్దాంగారు

ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక బోరు, ఒక జనరేటరు, ఒక చూద్దాంగారు ఉంటారు. మొదటి రెండూ సరిగ్గా అవసరమైన వేళకే మొరాయిస్తాయి. మూడో ఆయన మాత్రం ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటారు.

మా చూద్దాంగారు నిజాంపేట వైపు స్టిల్టు మీద ఐదంతస్తులు లేచిన బిల్డింగులో అసోసియేషన్ సెక్రటరీ. అసలు పేరు నేమ్‌బోర్డు మీద ఉంది గానీ ఎవరూ వాడరు. ఆడిట్‌లో చేసి రిటైరయ్యారు. ఈ బాపతు వాళ్ళు ఆడిట్‌లోనో, బ్యాంకులోనో, ట్రెజరీలోనో చేసి దిగినవాళ్ళే అయి ఉంటారు. ఉద్యోగమంతా ఎదుటివాడి బిల్లు మీద అభ్యంతరం రాసిన చెయ్యి పెన్షను వచ్చినంత మాత్రాన ఊరుకుంటుందా? పోటీ చేసి గెలిచింది ఎప్పుడూ లేదు. ప్రతి ఏడూ జనరల్ బాడీలో "ఈసారికి నన్ను వదిలెయ్యండి బాబూ" అంటారు, అందరూ ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటారు, ఆయన మళ్ళీ సెక్రటరీ అయిపోతారు. జీతం లేదు. ఉన్నదల్లా మోటారు గది తాళంచెవి, సంఘం రబ్బరు స్టాంపు, జనం ఇచ్చే సలహాలు.

సలహాలకేం, కొల్లలు. యాభై ఫ్లాట్లలో పదో తారీఖుకి మెయింటెనెన్స్ కట్టేవాళ్ళు సగం మంది తేలితే గొప్ప. సలహా బాకీ పడ్డ ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. జిమ్ పెట్టించండి. గేటు ఆటోమేటిక్ చెయ్యండి. గేటు జోలికి వెళ్ళకండి. పావురాలకు వల కట్టించండి. పావురాలకు గింజలు చల్లడానికి ఒక చోటు చూపించండి. సెల్లార్లో పిల్లలకు షటిల్ కోర్టు గీయించండి. సెల్లార్లో పిల్లల్ని ఆపండి, మా కారు అద్దం ఎవరు కొనిస్తారు? దేనికీ ఆయన కాదనరు. కళ్ళజోడు పైకి తోసుకుని, సంఘం అట్టబైండు పుస్తకం తెరిచి, "మంచి ఆలోచన. చూద్దాం" అంటారు. తర్వాత అడిగేది ఒకే ప్రశ్న: "ఏ ఫ్లాటు మీది?"

కొత్తగా వచ్చినవాళ్ళు అది రికార్డు కోసం అనుకుంటారు. కాదు. పరిశీలన మొత్తం అక్కడే మొదలై, చాలాసార్లు అక్కడే అయిపోతుంది. సలహా వినగానే మీరూ నేనూ అయితే అది మంచిదా చెడ్డదా అని ఆలోచిస్తాం. ఆయన అది ఎన్నో అంతస్తు నుంచి దిగి వచ్చిందో చూస్తారు.

నేను కోశాధికారిని. లెక్కలు సరిచూసే మిషతో ఆ పుస్తకం నా చేతికి వస్తుంది. పేజీకి నాలుగు గళ్ళు. ఫ్లాటు నంబరు, సలహా, ఖర్చు, కారణం. మొదటి మూడూ నీలం ఇంకుతో, నాలుగోది పెన్సిలుతో. భాష మాత్రం ఆఫీసు నుంచి తెచ్చుకున్నదే, ఆడిట్ అభ్యంతరాల భాష.

"504. డాబాపై సోలార్ ఫలకములు. ఉమ్మడి మీటరు బిల్లు తగ్గును." పక్కన పెన్సిలుతో: "పై అంతస్తు. పడకగది కప్పు కాలుచున్నది. నీడ కొరకు."

504 కుర్రాడు సాఫ్ట్‌వేరు. ఊరికే రాలేదు, లెక్కలు కట్టుకుని వచ్చాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు సంఘాలకు కూడా ఉమ్మడి అవసరాల కింద కిలోవాటుకు 18 వేల రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల డాబా కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు అన్నీ ఉమ్మడి మీటరే కాబట్టి పది కిలోవాట్లు పెట్టుకుందాం అన్నాడు. లెక్కలో తప్పు లేదు. చూద్దాంగారు కూడా తప్పు పట్టలేదు. సుద్దముక్క తీసుకుని కుర్రాణ్ణి డాబా మీదకి తీసుకెళ్ళారు.

"ఆ వెయ్యి అడుగులు ఎక్కడొస్తాయో గీతలు గియ్యి బాబూ."

కుర్రాడు వడియాల చాపలు దాటుకుంటూ తిన్నగా వెళ్ళి తన పడకగది నెత్తిన గీశాడు.

"అక్కడ మధ్యాహ్నం మూడు దాటితే ట్యాంకు నీడ పడుతుంది కదయ్యా. ఈ పక్కనైతే సాయంత్రం దాకా ఎండే."

"ఈ పక్కంటే 501 మీద కదా అంకుల్?"

"501 మీదే. అయితే ఏం, కరెంటు అందరిదీ కదా?"

కుర్రాడు సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, "అయితే చూద్దాం లెండి అంకుల్" అన్నాడు. ఆ మాట ఆయన నోరు దాటి ఇంకొకరికి అంటుకోవడం నేను చూడటం అదే మొదలు.

నాకు మాత్రం సోలార్ పోయినందుకు ఇప్పటికీ చిన్న బాధే. 504 నీడ కోసమే అడిగి ఉండవచ్చు గాక, నీడ కోసం పెట్టినా ఫలకం కరెంటు ఇవ్వక మానదు కదా. ఈ సంగతి ఆయనతో అన్నాను. "దానికేం, చూద్దాం" అన్నారు. నన్ను ఏ గడిలో వేశారో తెలియదు.

అయితే ఆ పెన్సిలు గడిని మరీ తీసిపారెయ్యడానికి వీల్లేదు. లిఫ్టు సంగతే చూడండి. 403 ఆయన రెండో లిఫ్టు కావాలన్నాడు. పొద్దున్న పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే వేళకి లిఫ్టు దొరకదు, ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. లిఫ్టులో రేకు మీద "6 మంది, 408 కిలోలు" అని ఉంటుంది, అంటే తలకి 68. ఆ లెక్క కట్టినవాళ్ళు మా బిల్డింగుకి రాలేదని తెలుస్తూనే ఉంది కాబట్టి 403 వాదనకు బలం వచ్చింది. లక్షల్లో కొటేషన్ వచ్చింది. మొదటి అంతస్తు వాళ్ళు మేము ఎక్కని లిఫ్టుకి ఒక్క పైసా ఇవ్వం అన్నారు. చూద్దాంగారి దగ్గర 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం జిరాక్సు ఉంది. ఉమ్మడి వసతుల్ని ఎవరూ విడగొట్టి పంచుకోడానికి లేదన్న చోట ఎర్రగీత గీసి ఉంటుంది. దాన్ని వాళ్ళ ముందు పెట్టి నోళ్ళు మూయించారు. అలాగని 403 వైపూ రాలేదు.

మర్నాడు ఆరింటికే లిఫ్టు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పేపరూ టీ గ్లాసూ పట్టుకుని కూర్చున్నారు. పాలప్యాకెట్ల కుర్రాడు వచ్చాడు. ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపుకి పాల ట్రే అడ్డం పెట్టి, పది ఇళ్ళ గుమ్మాలకీ ప్యాకెట్లు తగిలించి వచ్చి, ట్రే తీసుకుని పై అంతస్తుకి వెళుతున్నాడు. బిల్డింగు మొత్తం కింద బటను నొక్కుతూ నిలబడి ఉంది. రెండో లిఫ్టు వస్తే రెండో తలుపుకి పేపరు కుర్రాడు ఇంకేదో అడ్డం పెట్టేవాడు. చూద్దాంగారు పాలవాడికి ఒక గుడ్డసంచి కొనిచ్చారు. ట్రే కింద పెట్టి, సంచితో ఐదో అంతస్తుకి లిఫ్టులో వెళ్ళి, అక్కణ్ణించి మెట్లమీదుగా పంచుకుంటూ దిగమన్నారు. దిగేకొద్దీ సంచీ తేలికవుతుంది కాబట్టి వాడూ ఒప్పుకున్నాడు. లిఫ్టు దొరుకుతోంది. 403 ఆయన మాత్రం తన సలహా పెండింగులో ఉందనే ఇప్పటికీ అందరితో చెబుతుంటాడు.

"204. వాచ్‌మన్‌ను తీసివేసి సెక్యూరిటీ ఏజెన్సీ. యూనిఫారము ఉండును." పెన్సిలు: "వాచ్‌మన్ భార్య వీరింట అంట్లపని మానినది." ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి పెట్టాను. 204 ఆవిడ మీటింగులో దొంగతనాల గురించి, పిల్లల భద్రత గురించి పావుగంట మాట్లాడింది. అందరం తలలూపాం. ఆయనొక్కరే "ఏజెన్సీ వాడు పన్నెండు గంటల డ్యూటీ చేసి వెళ్ళిపోతాడమ్మా, అర్ధరాత్రి ట్యాంకరొస్తే పైపు ఎవరు పడతారు?" అన్నారు. ఏజెన్సీ అక్కడితో ఆగింది. వాచ్‌మన్‌కి ఈ సంగతేమీ తెలియదు. తన ఉద్యోగం ఒక పెన్సిలు మీద నిలబడిందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఫ్రిస్కో నుంచి వచ్చే సలహాల తీరు వేరు. 301 ఓనరు డాలస్ దగ్గర ఉంటాడు, ఫ్లాటు అద్దెకిచ్చాడు. అతని మధ్యాహ్నం మనకు అర్ధరాత్రి. "అంకుల్, ఇక్కడ మా కమ్యూనిటీలో..." అని మొదలుపెట్టి జిమ్ము, కార్లకు ఛార్జింగు, కుక్కల్ని తిప్పేవాళ్ళకి సంచుల స్టాండు దాకా వెళతాడు. పెన్సిలు గడిలో రెండే మాటలు: "అద్దె పెంచుటకు." అతనికి చూద్దాంగారు వేసే మందు జీఎస్టీ. నెలకు ఫ్లాటు మెయింటెనెన్స్ 7,500 దాటి, సంఘం ఏడాది రాబడి 20 లక్షలు కూడా దాటితే 18 శాతం పన్ను పడుతుంది. నిజమే. మాకు ఉన్నది నెలకు 2,500. యాభై ఇళ్ళూ ఠంచనుగా కట్టినా ఏడాదికి 15 లక్షలు దాటదు. ఆ గీత మా గేటు దాకా రావాలంటే జిమ్ము కాదు, గోల్ఫు కోర్సు పెట్టాలి. అయినా జీఎస్టీ అన్న మూడక్షరాలు వినపడగానే ఫ్రిస్కో వైపు లైను నిశ్శబ్దమైపోతుంది.

ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్న సలహా కూడా ఒకటుంది. 2021లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత మంచినీళ్ళ పథకం వచ్చినప్పుడు ప్రతి ఫ్లాటు ఆధారూ అనుసంధానం చేయించమని 207 ఆయన అన్నాడు. చూద్దాంగారు అదే సాయంత్రం ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది 207 ఆధారే.

ఇంతమందిని చదివిన ఆ పుస్తకంలో 102 నంబరు ఎక్కడా లేదు. 102 సెక్రటరీగారి ఫ్లాటు. వాళ్ళ పడకగది కింద మోటారు గది. ఒకప్పుడు పొద్దున్న ఐదింటికి వేసే మోటారు ఈమధ్య ఆరున్నరకి వేస్తున్నారు. ఈ సలహా ఎవరిచ్చారు, ఎప్పుడు పరిశీలించారు, ఏ మీటింగులో తీర్మానించారు అంటే రికార్డు లేదు. మెట్ల మలుపులన్నిటా "చెప్పులు ఇచట విడువరాదు" అని బోర్డులు వెలిశాయి, వాటికీ లేదు. సొంత ఆలోచన వచ్చినప్పుడు ఆయనకు అది సలహాలా అనిపించదు కాబోలు, జరగాల్సిన పనిలా అనిపిస్తుంది.

ఈ పరిశీలనా యంత్రం పూర్తిగా బిగుసుకుపోయింది 302 టీచరుగారి దగ్గర. మొన్న ఎండాకాలం మొదట్లో ఆవిడ వచ్చి, గేటు పక్కన ఒక కుండ పెట్టి మంచినీళ్ళు పోయిద్దామని అడిగింది. కొరియరు వాళ్ళు, తిండి పార్సిళ్ళు తెచ్చే పిల్లలు ఎండన పడి వస్తున్నారు, ఎవరిని అడగాలో తెలియక వాచ్‌మన్ బకెట్లో నీళ్ళు తాగుతున్నారు అంది. నీలం ఇంకు గళ్ళు క్షణంలో నిండాయి. కుండ, మూత, గ్లాసు, రోజుకో నీళ్ళ క్యాను. పెన్సిలు మాత్రం గాల్లోనే ఆగిపోయింది.

ఆయన దర్యాప్తు చేశారు. వాళ్ళబ్బాయి డెలివరీ పని చేస్తున్నాడేమోనని వాకబు చేశారు, అబ్బాయి పుణెలో ఇంజనీరు. మొక్కు ఏమైనా ఉందేమోనని వాళ్ళావిడ చేత అడిగించారు, లేదు. నీళ్ళ క్యాన్లు అమ్మేవాడు చుట్టమా అంటే కాదు. వచ్చే ఏడు సెక్రటరీగా నిలబడుతుందేమో అని కూడా అనుమానించి, అలాంటి అదృష్టం తనకు లేదని తనే కొట్టేశారు. చివరికి లిఫ్టులో తిన్నగా అడిగేశారు.

"మీకు దీనివల్ల ఏమిటమ్మా?"

"నాకేముందండీ? ఎండ కదా."

ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్నది: "కారణము తెలియరాలేదు. పెండింగు."

జనరల్ బాడీ ఆదివారం పదిన్నరకి. అంటే పదకొండుకి. ఎప్పట్లాగే కోరం లేదు. అరగంట వాయిదా వేసి, అదే సెల్లార్లో, అవే కుర్చీల్లో మళ్ళీ మొదలుపెట్టాం. రెండో మీటింగుకి కోరం అక్కర్లేదు, మిరపకాయ బజ్జీలు వచ్చి ఉంటాయి కాబట్టి జనం కూడా కొంత పెరుగుతారు. కుండ సంగతి ఆఖరి అంశం. ఎవరికీ దాని మీద అభిప్రాయం లేదు. చూద్దాంగారు ఇబ్బందిగా కదిలారు. అభిప్రాయం లేని సలహాని ఆయన నమ్మరు.

అప్పుడు 105 లేచాడు. "గేటు పక్కన అంటే నా పార్కింగ్ ముందరే కదండీ? నీళ్ళ కోసం బళ్ళన్నీ అక్కడ ఆపితే నా కారు ఎలా తియ్యాలి?"

చూద్దాంగారి మొహం ఒక్కసారిగా విప్పారింది. జేబులోంచి పెన్సిలు తీసి నాలుగో గడిలో చకచకా ఏదో రాశారు. నేను పక్కనుంచి తొంగి చూశాను. "105. పార్కింగు" అని ఉంది. వెంటనే గేటుకి అవతల వైపు, వేపచెట్టు కింద అన్నారు. రెండు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. స్టాంపు కూడా పడింది.

కుర్చీలు మడతపెడుతుంటే టీచరుగారు వచ్చి, క్యాను ఖర్చు సంఘానికి ఎందుకు, రోజూ స్కూలుకి వెళ్ళేముందు తనే ఇంట్లోంచి నీళ్ళు తెచ్చి పోస్తానంది.

మూస్తున్న పుస్తకం మళ్ళీ తెరుచుకుంది. "రోజూనా?" అన్నారు చూద్దాంగారు, కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "మీరేనా? ఎందుకమ్మా?"