శాలువాల సాయంత్రం

ఓరుగల్లులో సభ పెట్టుకోవడానికి చోటు లేదన్న బెంగ తీరింది.

ప్రజాకవి కాళోజీ శతజయంతికి, 2014లో, హన్మకొండలో కళాక్షేత్రానికి పునాదిరాయి పడింది. 2024 నవంబరులో తలుపులు తెరుచుకున్నాయి. శతజయంతి కానుక నూటపదో జయంతి దాటాక చేతికందింది. ఆహ్వానపత్రికలో వేసిన టైముకు మొదలైన సభ మనూళ్లో ఎప్పుడుంది గనక!

అలాంటి ఓ సభ. పత్రికలో సాయంత్రం ఆరు.
ఆరింటికి హాల్లో మైకు పిలగాడొక్కడే.
"హలో... చెక్... చెక్!"
ఆ పూటకు సూటిగా సాగిన ప్రసంగం అదే.

ఏడున్నరకు ముఖ్య అతిథి ఇంకా 'దారిలోనే'. కాజీపేట చౌరస్తాలో చిక్కుకున్నారట.

ఎనిమిదింటికి వేదిక కిటకిట. కింద కుర్చీలు కటకట.

శాలువా కప్పారు. ఫొటో సరిగ్గా రాలేదు.
విప్పారు. మళ్లీ కప్పారు.
ఈసారి కప్పించుకున్నాయన కళ్లు మూశాడు.
మళ్లీ విప్పారు.

కవికి ఒక్క నిమిషం.
'సమయాభావం వల్ల' అని వివరించడానికి అధ్యక్షులవారికి పది నిమిషాలు.

కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం కూడా. ఆ రోజు సభలోనైతే ఆయన కోరిన పలుకుబడుల భాష గొప్పతనాన్ని జనానికి బోధించేందుకు గంటసేపు గ్రాంథికం.

చివరికి వందన సమర్పణ.
అప్పటికి మిగిలింది ఇద్దరే. వందనం చెప్పేవాడు, కుర్చీలు ఎత్తేవాడు.
మొదటాయన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు, వెళ్లిపోయినవాళ్లకు కూడా.
రెండో ఆయన పేరు మాత్రం చీటీలో లేదు!