నేను బాండ్ కారు డూప్‌ని

హీరో మేడ మీంచి దూకాల్సి వస్తే దూకేది వేరే మనిషని మీకు తెలుసు. సినిమావాళ్ళు ఆ మనిషిని డూప్ అంటారు. కార్లకీ డూపులుంటాయి. జేమ్స్ బాండ్ సినిమా 'నో టైమ్ టు డై'లో ఊరి నడిబొడ్డున గిరగిరా తిరుగుతూ, హెడ్‌లైట్ల చోటు నుంచి తూటాలు కురిపించిన వెండిరంగు ఆస్టన్ మార్టిన్ డీబీ5 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సినిమా కోసం మా కంపెనీ ప్రత్యేకంగా తయారు చేసిన ఎనిమిది నకళ్ళలో నేనొకదాన్ని. షూటింగుకి అసలు డీబీ5లు కూడా వచ్చాయి. దగ్గరి నుంచి అందంగా కనిపించే పని వాటిది, దెబ్బలు తినే పని మాది.

అసలు డీబీ5 పుట్టింది 1963లో. ఇంగ్లండులోని న్యూపోర్ట్ పాగ్నెల్ ఫ్యాక్టరీలో 1965 దాకా తయారైనవన్నీ కలిపినా వెయ్యికి కాస్త పైన. పైన అల్యూమినియం రేకు, లోపల సన్నటి గొట్టాల చట్రం, ముందు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. ఇవాళ ఒక్కోదాని ధర కోట్లలో పలుకుతోంది. అలాంటిదాన్ని రాళ్ళ గోడలకేసి రాయిస్తామంటే ఎవరిస్తారు? అందుకే మమ్మల్ని చేశారు. నా ఒళ్ళు కార్బన్ ఫైబర్, ఇంజను బీఎండబ్ల్యూది. బరువు తగ్గించి, ఎగిరి పడినా తట్టుకునేలా సస్పెన్షన్ బిగించారు. పక్కపక్కన నిలబెడితే అసలేదో నకలేదో చెప్పడం కష్టం. నడిపితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

డూపుల సంగతి నాతో మొదలైంది కాదు. 1964లో 'గోల్డ్‌ఫింగర్' తీసినప్పుడే రెండు కార్లు వాడారు. ప్రొడక్షన్ డిజైనర్ కెన్ ఆడమ్ ఊహించి, స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు జాన్ స్టియర్స్ బిగించిన తిరిగే నంబరు ప్లేట్లు, పొగ తెర, నూనె చిమ్మే గొట్టం, మనిషిని పైకి విసిరేసే సీటు ఒక కారులో ఉన్నాయి. ఆ సరంజామా అంతా మోస్తూ పరుగెత్తడం కష్టం కాబట్టి రోడ్డు మీద ఉరకడానికి ఇంకో కారు. తెరమీద మాత్రం ఒక్కటే. సరంజామా ఉన్న ఆ మొదటి కారుని 1997లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒక విమానాల షెడ్డు నుంచి ఎవరో దొంగిలించుకుపోయారు. 2012లో 'స్కైఫాల్'లో స్కాట్లండు ఇంటి ముందు డీబీ5 పేలిపోతుంటే చాలామంది గుండె కలుక్కుమంది. అప్పుడు తగలబడింది త్రీడీ ప్రింటరుతో చేసిన మూడోవంతు సైజు బొమ్మ. మా వంశంలో ఆ చిన్నదాని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. ఒక్క షాటు కోసమే పుట్టి, ఆ షాటులోనే పోయింది.

2019లో నన్ను దక్షిణ ఇటలీలోని మటేరాకి తీసుకెళ్ళారు. కొండని తొలిచి కట్టిన ఊరది. ఆ గుహ ఇళ్ళను అక్కడ సాస్సి అంటారు, యునెస్కో 1993లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీధుల్లో పరిచిన రాళ్ళు తరతరాల పాదాల కింద నలిగి నున్నగా, అద్దంలా మెరుస్తుంటాయి. చూడటానికి బాగుంటుంది, టైర్లకి మాత్రం ప్రాణగండం. స్టంట్ సమన్వయకర్త లీ మారిసన్ దీనికో ఉపాయం చేశాడు. ఆ రాళ్ళ మీద వేల లీటర్ల కోకాకోలా చల్లించాడు. అది ఆరాక మిగిలే చక్కెర జిగురే చక్రాలకి పట్టు. కంప్యూటరుతో ఏదైనా చేయగలిగే ఈ రోజుల్లో కూడా రాతిమీద రబ్బరు జారకుండా చూడాలంటే ఒక మనిషి కూర్చుని ఇలాంటి ఆలోచన చేయాల్సిందే.

ఆ ఊరి నడిబొడ్డు చౌకులో తీసిన సన్నివేశం గురించి చెప్పాలి. శత్రువులు చుట్టుముట్టి కాలుస్తుంటారు. తూటా తగిలిన చోటల్లా అద్దం తెల్లగా చిట్లుతుంది. లోపల బాండ్ కదలడు, పక్క సీట్లో అతని ప్రేయసి మడెలిన్. ఆమె తనని పట్టించిందన్న అనుమానంతో బతకాలన్న ఆశే వదిలేసి కూర్చుంటాడు. ఆమె బతిమాలుతుంది. అప్పుడు హెడ్‌లైట్ల చోట తుపాకులు బయటికొస్తాయి, కారు ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. ప్రేక్షకులు ఈలలు వేసేది ఆ తిరుగుడుకి. నా మటుకు నాకు దానికి ముందున్న మౌనమే గొప్పది. కారుని కదలకుండా నిలబెట్టి రెండు ముఖాల మీద కథ నడిపే ధైర్యం దర్శకుడు క్యారీ జోజి ఫుకునాగాకి ఉంది. ఆ మౌనం లేకపోతే నా తిరుగుడు సర్కసు అయ్యేది.

మీరు చూడనిది ఇంకొకటుంది. మాలో కొన్నింటికి పైకప్పు మీద ఇనుప చట్రం బిగించి, అందులో సీటు, స్టీరింగు, పెడల్స్ అమర్చారు. కారుని నిజంగా నడిపేది అక్కడ కూర్చున్న డ్రైవరు. కింద బాండ్ వేషంలో డేనియల్ క్రెయిగ్ తిప్పే స్టీరింగుకీ చక్రాలకీ సంబంధం ఉండదు. అందుకే ఇరుకు సందులో దూసుకుపోతున్నా నటుడు నటన మీదే మనసు పెట్టగలడు. వేగం నిజం, కుదుపు నిజం, ఆ ముఖంలో కనిపించే బిగువు కూడా చాలావరకు నిజం. కెమెరా పైకప్పుని ఫ్రేములోకి రానివ్వదు, అంతే తేడా. ఈ సినిమాకి పనిచేసిన స్టంట్ డ్రైవర్లలో మార్క్ హిగిన్స్ ఒకడు. మూడుసార్లు బ్రిటిష్ ర్యాలీ చాంపియన్. అతని ముఖం తెరమీద వెతికినా దొరకదు.

మీ తెలుగువాళ్ళకి డూప్ అన్న మాట కొత్త కాదు. 1965లో 'తేనెమనసులు'లో కృష్ణ గారు డూప్ లేకుండా స్కూటరు మీంచి కారు మీదికి దూకారు. అది చూసే నిర్మాత డూండీ ఆయన్ని 'గూఢచారి 116'కి తీసుకున్నారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1966లో వచ్చిన ఆ సినిమాతో ఆయన ఆంధ్రా జేమ్స్ బాండ్ అయ్యారు. ఒక్క దూకుడు విలువ ఎంతో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

2020 ఏప్రిల్‌లో రావాల్సిన మా సినిమా కరోనా వల్ల 2021 సెప్టెంబరు 30 దాకా ఆగింది. వరసలో ఇరవై అయిదోది, క్రెయిగ్‌కి చివరిది. మరుసటి ఏడాది లండన్‌లో క్రిస్టీస్ వేలంపాటలో మా ఎనిమిదింటిలో ఒకటి 29 లక్షల పౌండ్లకి పైగా పలికింది, ఆ డబ్బు సేవా సంస్థలకి వెళ్ళింది. నకలుకి అంత విలువ కట్టారంటే, దెబ్బలు తిన్న ఒంటికి కూడా చరిత్ర ఉంటుందని జనం ఒప్పుకున్నట్టే.

మనుషుల విషయంలో ఆ ఒప్పుకోలు చాలా ఆలస్యమైంది. 1929 నుంచి ఇస్తున్న ఆస్కార్లలో స్టంట్లకి ఇన్నాళ్ళూ విభాగమే లేదు. 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి, 2028లో జరిగే నూరో వేడుకలో స్టంట్ డిజైన్‌కి అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. మీ దేశం వాళ్ళకన్నా ముందుంది. 2016 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లోనే 'పులిమురుగన్'కి స్టంట్ మాస్టర్ పీటర్ హెయిన్ ఆ గౌరవం అందుకున్నాడు. 'మగధీర'కి పనిచేసిన పీటర్ హెయిన్ మీకు కొత్తవాడేం కాదు.

తర్వాతి బాండ్ సినిమాకి డెనిస్ విల్నెవ్ దర్శకుడు. అందులో నాలాంటి వాటికి చోటుంటుందని, రోడ్డు మీద నిజమైన ఇనుమే పరుగెడుతుందని ఆశపడుతున్నాను. అది మీ ఊరి హాలుకి వచ్చినప్పుడు లైట్లు వెలగ్గానే లేచిపోకండి. స్టంట్ డ్రైవర్ల పేర్లు వచ్చేదాకా కూర్చోండి, పిల్లల చేత ఆ పేర్లు చదివించండి.