99 పైసల సోషలిజం

పెట్టుబడిదారీ విధానం పోయి సమసమాజం ఎప్పుడొస్తుందా అని ఇంకా ఎదురుచూస్తున్న కామ్రేడ్లకు శుభవార్త. వచ్చేసింది. తిన్నగా విశాఖపట్నం రుషికొండ ఐటీ హిల్ ఎక్కింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అక్కడ 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయించింది. తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కూ అదే పైసల ధర పలికింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం. అల్లుడు దాని మీద 99 పైసలు లాభం కూడా తీయడం ఇప్పుడే చూస్తున్నాం.

చిక్కల్లా చెల్లింపు దగ్గరే. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. మిగిలింది అర్ధరూపాయి. కాబట్టి 99 పైసలు చేతిలో లెక్కపెట్టి పెట్టడం ఈ దేశంలో ఎంత కోటీశ్వరుడి తరమూ కాదు. రూపాయి బిళ్ల ఇస్తే పైసా చిల్లర సర్కారే బాకీ. ఆ బాకీకి వడ్డీ కింద ఏ కరెంటు రాయితీయో ఇవ్వాల్సి వస్తుందేమో! ఏ సెక్షన్‌లో ఏ గుమాస్తా ఆ ఫైలు పట్టుకుని తల గోక్కుంటున్నాడో పాపం.

మార్కెట్ క్రమశిక్షణ పూర్తిగా పోయిందని కంగారుపడకండి. గోదావరి జిల్లాల కౌలురైతు దగ్గర అది భద్రంగా ఉంది. పంట పండినా మునిగినా అతను బస్తాల లెక్కన మక్తా కొలవాల్సిందే. సాగుదారు హక్కు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. పెడితే పొలం ఎక్కడ పోతుందోనని ఆయన పెట్టడు. కార్డు లేదు కాబట్టి బ్యాంకు లేదు, వడ్డీవ్యాపారి ఉన్నాడు. ఇదీ అసలు సిసలు స్వేచ్ఛా విపణి. రిస్కంతా ఒకడిదే, రాయితీ మాత్రం ఇంకొకడిది.

బ్యాంకులకు దయాదాక్షిణ్యాలు లేవనుకోకూడదు. 2014-15 నుంచి పదేళ్లలో 16 లక్షల కోట్లకు పైగా మొండిబాకీలను పద్దు పుస్తకాల్లోంచి తప్పించాయి. అందులో సగానికి మించి భారీ పరిశ్రమలు, సేవా సంస్థలవే. అది మాఫీ కాదట, రైటాఫ్ అట. వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుందట. నమ్ముదాం. మరి పుస్తెలతాడు కుదువపెట్టి వాయిదా కట్టలేకపోయినామె నెంబరు నగల వేలం ప్రకటనలో అచ్చవుతుందే, ఆమెకీ ఓ రైటాఫ్ పడేస్తే ఏం? 2019లో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించి, ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని చెప్పిన సర్కారుకు ఆ తాడు ఓ లెక్కా?

ఉద్యోగాలొస్తాయంటారు. టీసీఎస్ 12 వేలన్నది. రానివ్వండి, సంతోషమే, మన పిల్లలే చేరతారు. కానీ భూమి మనది, రోడ్డు మనది, పిల్లలు మనవాళ్లు. లాభంలో మాత్రం మన పేరు లేదు. వాటా మాటెత్తితే ‘రష్యా ఏమైందో తెలుసా’ అంటారు. రష్యా దాకా ఎందుకు, బస్సెక్కి తెలంగాణలోని ముల్కనూరు వెళ్లండి. 1956లో పుట్టిన రైతుల సహకార సంఘం. అప్పిచ్చేదీ, ఎరువులిచ్చేదీ, పంట కొనేదీ అదే, యజమానులు సభ్యులే. అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు.

అదీ దూరమనుకుంటే మధురవాడలో స్థలమున్న ఏ పెద్దాయన్నైనా అడగండి. మూడొందల గజాలు డెవలప్‌మెంట్‌కిచ్చి సగం ఫ్లాట్లు రాయించుకుంటాడు. కట్టేదాకా అద్దె బిల్డరే ఇవ్వాలి. తూర్పు ఫేసింగ్ తనకే. కార్ పార్కింగ్ దగ్గర నెల్లాళ్లు బేరం. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ కమ్యూనిస్టు అనలేదు. ఈసారి కంపెనీతో మాట్లాడేందుకు మంత్రులు కూర్చున్నప్పుడు, దయచేసి, ఆ పెద్దాయనకూ ఓ కుర్చీ వేయండి.