మతం గడి

నారాయణఖేడ్‌లో మీసేవ పక్క హోటల్. సెలవు మీద దోహా నుంచి వచ్చినతను చెబుతున్నాడు, రిటైరైన సారు చాయ్ తాగుతూ వింటున్నాడు.

"మాకు శుక్రారం సెలవు. గందుకే శుక్రారమే ఆదివారం. మెసైమీర్ల ఒక్క ప్రహరీ లోపల్నే అన్ని చర్చిలు. మలయాళపోళ్లు, తమిళపోళ్లు, మనోళ్లు వంతులేసుకొని ప్రార్థన చేస్తరు. మీద సిలువ మాత్రం కనవడొద్దు. బయటికెళ్లి చూస్తే గోదాం లెక్కుంటది."

"జాగ ఎవలిది?"

"రాజుదే సారూ."

నిజమే. అక్కడి మొదటి చర్చి 2008లో తెరిచింది అమీర్ ఇచ్చిన స్థలంలోనే.

సారు నవ్వాడు. "రాజు జాగల దేవుడా! రేపు ఆయనకు కోపమొస్తే? కూలికి పోయినోనివి, నీకు హక్కెక్కడిది?"

దేవుడిల్లు సర్కారుది కావడం అంత చిన్నతనమేమీ కాదు. పారిస్‌లోని నోత్రదామ్ ఫ్రాన్స్ ప్రభుత్వ ఆస్తే. 1905 చట్టం పూజ చేసుకునే హక్కును మాత్రం చర్చికి వదిలింది. అక్కడ చట్టం, ఖతర్‌లో రాజు దయ. ఆ మేరకు సారు మాట సబబే. అంతటితో ఆగితే బాగుండేది.

"మన మెదక్ చర్చి చూడు. 1924ల, నిజాం రాజ్యంల లేసింది. నూరేండ్లాయె, ఎవలన్న ఆపిన్రా? ఈ దేశంల ఎవల దేవుని పేరు వాళ్లు గొంతెత్తి చెప్పుకోవచ్చు. రాజ్యాంగం తమ్మీ, 25వ అధికరణం!" బల్ల మీద చరిచేసరికి చాయ్ తొణికింది.

అతను తలూపి సంచిలోంచి కాయితం తీశాడు. బిడ్డ స్కాలర్‌షిప్‌కు కుల సర్టిఫికెట్ కావాలి. "జర నింపుండ్రి సారూ."

సారు కళ్లజోడు పెట్టుకున్నాడు. పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, ఇంటి నంబరైతే రెండుసార్లు అడిగి మరీ రాశాడు. మతం అన్న గడి దగ్గర మాత్రం ఏమీ అడగలేదు. 'హిందూ' అని రాసి కింది గడిలోకి దిగాడు.

"సారూ, గది..."

"కిరస్తానం అని రాస్తే బీసీ-సీల వడ్తవు. ఎస్సీలకు 15 శాతం, అండ్ల 1 శాతం. 1950 ఉత్తర్వు అట్లుంది మరి. బిడ్డ సదువుకోవద్దా?"

"సదువుకోవాలె. కానీ నేను ఏసును నమ్ముకున్నోన్ని గద సారూ?"

సారు చప్పున పక్క బల్లలకేసి చూశాడు.

"మెల్లగ తమ్మీ! ఎవలన్న వింటరు."